అరవయ్యో ఇల్లు

మా అక్క స్నానానికి ముప్పావుగంట పడుతుంది. తల కూడా తడిపితే ఇంకో పావుగంట. ఈ సంగతి నాకు ఎనిమిదేళ్ళుగా తెలుసు. స్నానాల గది పరదాకి ఇవతల కూర్చుని పరీక్షలకి చదువుకుంటూ తెలుసుకున్నాను. అయినా ప్రభుత్వం వారి కాగితంలో దాన్ని పదకొండు నిమిషాలని రాసింది నేనే.

ఆ వానాకాలమంతా నా మెడలో ఒక స్టాప్‌వాచ్ వేలాడుతూ ఉండేది. మా యూనివర్సిటీ విభాగానికీ సంక్షేమ శాఖకీ ఒప్పందం కుదిరింది. తమంతట తాము మంచం దిగలేని వాళ్ళ ఇళ్ళకి రోజూ పొద్దున ఒక సహాయకురాలిని పంపాలని శాఖ వాళ్ళ ఆలోచన. పంపడం ఖాయమే, రోజుకి ఎంతసేపు పంపాలన్నదే తేలలేదు. అది తేల్చమని మా మేడమ్‌ని అడిగారు. మేడమ్ మమ్మల్ని పన్నెండు మంది విద్యార్థుల్ని ఏరుకుంది. ఒక్కొక్కరికి అరవై ఇళ్ళు. మనిషిని లేపడం, కాలకృత్యాలు, స్నానం, బట్టలు వెయ్యడం, తినిపించడం, ఇలా ఒక్కో పనికి ఎన్ని నిమిషాలు పడుతోందో దగ్గరుండి చూసి ఫారంలో రాయాలి.

"చూసింది రాయండి. అనుకున్నది రాయొద్దు," అని మేడమ్ మొదటిరోజే చెప్పింది.

ఆ మాట నాకు బాగా నచ్చింది. నేను పల్లెటూరి బడిలో చదివినదాన్ని. ఒకే గదిలో ఐదు తరగతులు. అక్కడ నోరు మెదపకుండా కూర్చున్న పిల్లే మంచి పిల్ల. యూనివర్సిటీకి వచ్చాక కూడా ఆ మంచితనంతోనే నెట్టుకొచ్చాను. నేను నడిస్తే చప్పుడు కాదని అక్క నాకు పిల్లి అని పేరు పెట్టింది.

ఆ సర్వే మీద మా ఇంటికీ ఒక ఆశ ఉంది. అక్క గోదాములో నిచ్చెన మీంచి పడి ఎనిమిదేళ్ళు. నడుం కింద స్పర్శ లేదు. నోరు మాత్రం రెండింతలైందని అమ్మ అనేది. ఆ నోరు విని పెద్దాస్పత్రిలో పెద్ద నర్సమ్మ ముచ్చటపడింది. విచారణ కౌంటరులో ఫోను దగ్గర కూర్చోమంది. "వానాకాలం వెళ్ళేదాకా ఆ కుర్చీ నీకోసం ఆపుతాను. ఆ తర్వాత నా చేతిలో ఉండదు," అని ఉత్తరం కూడా రాసిచ్చింది. చక్రాల కుర్చీ ఎక్కే బస్సు మా సందు చివరికి ఎనిమిదీ పదికి వస్తుంది. అప్పటికి అక్క తయారవాలి, రోజూ. అమ్మ నడుం చూసి, ఇక బకెట్ కూడా ఎత్తొద్దని డాక్టరు చెప్పి ఏడాదైంది. మంచి రోజున స్నానం, మంచిది కాని రోజున తడిగుడ్డ. అలా నడుస్తోంది. పొద్దున రెండు గంటలు ఒక మనిషి వస్తే అక్క ఉద్యోగానికి వెళ్తుంది. ఆ రెండు గంటలే మాకు కావలసింది.

నేనెందుకు చెయ్యలేదని ఎవరైనా అడగొచ్చు. "నువ్వు చదువుకోవే," అని అక్క దగ్గరికి రానిచ్చేది కాదు. రానివ్వనందుకు నేనెప్పుడూ పోట్లాడలేదు. సర్వే మొదలయ్యాక తెల్లారేసరికే బయల్దేరాలి, ఇంకో సాకు దొరికింది.

శిక్షణ చివరిరోజున మేడమ్, "ఇంట్లోనో పక్కింట్లోనో ఒక ఫారం నింపి చూసుకోండి, చెయ్యి తిరుగుతుంది. అది లెక్కలోకి రాదు," అంది. ఇంటికొచ్చి చెప్పాను.

"అయితే మొదటి పరీక్ష మా ఇద్దరికన్నమాట," అంది అక్క.

"పరీక్ష కాదక్కా. రోజూ ఎలా చేసుకుంటారో అలాగే చేసుకోండి. నేను టైము రాసుకుంటాను, అంతే."

"పరీక్ష కాకపోతే మెడలో ఆ బిళ్ళెందుకే?"

అమ్మ కుట్టుమిషను మీంచి తలెత్తింది. "మీ మేడమ్‌గారు చూస్తారా అది?"

"చూడొచ్చు."

మర్నాడు పొద్దున నేను లేచేసరికి నీళ్ళు తోడి ఉన్నాయి. సబ్బు కాగితం విప్పి ఉంది. బట్టలు వేసుకునే వరసలో కుర్చీ మీద పేర్చి, బొత్తాలు కూడా అమ్మ ముందే తీసి పెట్టింది. అక్క మంచం అంచుకి జరిగి, బరిలో నిలబడ్డదానిలా నా వంక చూస్తోంది.

"ఊఁ అను," అంది అమ్మ.

నేను బొత్తం నొక్కాను.

పరదా ఇవతల నిలబడి వినడమే నా పని. వినడం నాకు అలవాటే. మామూలు రోజున అక్కని కుర్చీలోంచి పీట మీదకి మార్చాక అమ్మ గోడకి చేరబడి ఊపిరి తీసుకుంటుంది. అది నాకు వినబడుతుంది. వీపు రుద్దేటప్పుడు అక్క వీధి కబుర్లన్నీ చెప్తుంది. అమ్మ నవ్వి నవ్వి చెంబు జారవిడుస్తుంది. మధ్యలో ఇంకోసారి ఆగుతారు. ఆరోజు ఆగడం లేదు, కబుర్లు లేవు. నీళ్ళు మాత్రం ఒకదాని వెంట ఒకటి పడ్డాయి.

"అయింది," అని అరిచింది అమ్మ.

పదకొండు నిమిషాలు.

అక్క బయటికొచ్చింది. జుట్టు పొడిగానే ఉంది. తుడవని వీపుకి చొక్కా అంటుకుపోయింది. "ఎంత?" అంది. చెప్పాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, బహుమతి కొట్టుకొచ్చిన పిల్లల్లా నవ్వారు.

"అమ్మని నీ బదులు కాలేజీలో చేర్చాల్సిందే పిల్లీ. ఫస్టు క్లాసు."

నేను కూడా నవ్వాను. "బాగా చేశారు," అన్నాను. ఆ మాట నేను అన్నాను, బాగా గుర్తుంది. అమ్మ తలుపు చట్రం పట్టుకుని నిలబడి ఉంది, వదలడం లేదు. అదీ చూశాను. ఫారంలో కింద వ్యాఖ్యల గడి ఒకటి ఉంటుంది. పరిశీలకులు ఏమైనా చెప్పదలుచుకుంటే రాయడానికి. అందులో ఏమీ రాయలేదు.

ఆ తర్వాత ఇళ్ళ వెంట ఇళ్ళు. ఏ ఇంటికెళ్ళినా గచ్చు తుడిచి ఉండేది. మంచం మీద దుప్పటి మారి ఉండేది. అందరూ నన్ను చూడగానే లేని హుషారు తెచ్చుకునేవాళ్ళు. ఎవరికీ ఆలస్యం అయ్యేది కాదు. కొడుకుని ఎత్తుకుని దించే ఒక నాన్న, నా వాచీ వంక చూస్తూ, "పక్క వీధిలో వాళ్ళకి ఎంత పట్టింది?" అని అడిగాడు. చెప్పకూడదండీ అన్నాను. "మాకంటే తక్కువ అయితే ఉండదులే," అన్నాడు గర్వంగా.

ఇరవై ఆరో ఇల్లు ఒక రిటైరైన బస్సు డ్రైవరుది. భార్యకి పక్షవాతం, ఎడమవైపంతా పోయింది. ఆయన నన్ను "రామ్మా ఇన్‌స్పెక్టరమ్మా," అని పిలిచి స్టూలు వేశాడు.

"ఇన్‌స్పెక్టర్ని కాదు తాతయ్యా."

"వాచీ పట్టుకుని వచ్చినవాళ్ళంతా మాకు ఇన్‌స్పెక్టర్లే. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపాను, ఒక్క రోజు లేటు రాయించుకోలేదు. ఏమే, బయల్దేరదామా?"

"పోనివ్వండి," అంది ఆ అవ్వ లోపల్నుంచి. మాట ముద్దగా వచ్చినా హాస్యం పోలేదు.

తొమ్మిదిన్నర నిమిషాల్లో స్నానం అయిపోయింది. ఆయన చొక్కా తడుపుకుని బయటికొచ్చి, "టైముకి చేర్చానా?" అన్నాడు. రాసుకుని వచ్చేశాను. వీధి మలుపు దాకా వెళ్ళాక వాన మొదలైంది. గొడుగు వాళ్ళ వరండాలోనే మరిచిపోయాను. వెనక్కి వెళ్ళాను. గొడుగు అందుకోబోతుంటే లోపల మళ్ళీ నీళ్ళ చప్పుడు.

"ఇప్పుడు నెమ్మదిగా పొయ్యండి. వీపు ఒక్క చుక్క తడవలేదు," అంటోంది అవ్వ.

"ఉండవే. మొదట కాస్త కూర్చోనీ. గుండె దడదడలాడుతోంది."

"ఆ పిల్ల వెళ్ళిపోయిందిగా?"

"వెళ్ళింది పాపం. తడుస్తుందేమో."

నా అడుగు చప్పుడు ఎవరికీ వినబడదు. గొడుగు తీసుకుని, విప్పకుండా మలుపు దాకా నడిచాను. ఒక అంగడి చూరు కింద నిలబడి ఫారం బయటికి తీశాను. వ్యాఖ్యల గడి ఖాళీగా ఉంది. పెన్ను కూడా తీశాను. నేను చూసింది తొమ్మిదిన్నర. విన్నది వేరే. విన్నది రాయమని మేడమ్ చెప్పలేదు కదా అనుకున్నాను. రాస్తే, మిగతా ఇరవై అయిదింటి సంగతి ఏమిటని అడుగుతారు. అన్నింటికంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. వాన తగ్గేదాకా అక్కడే నిలబడి, పెన్నుకి మూత పెట్టేశాను.

అప్పుడు రాసి ఉంటే ఈ కథ లేదు.

ఫారాల్లో అంకెలు కూడే పని మా విభాగంలో లెక్కలాయనది. దేన్నైనా చుక్క తర్వాత రెండంకెల దాకా చెప్తాడని మేమంతా ఆయన్ని దశాంశం అనేవాళ్ళం. వానాకాలం సగమయ్యేసరికి నా దగ్గర యాభై తొమ్మిది ఫారాలున్నాయి. అరవయ్యో ఇంటికి వెళ్తే తాళం. ఆ ఇంటావిడని ఆస్పత్రిలో చేర్చారట.

"యాభై తొమ్మిది నాకు పనికిరాదు," అన్నాడు దశాంశం. "వేరే ఇల్లు వెతుక్కో. శుక్రవారానికి కట్ట నా బల్ల మీద ఉండాలి."

బుధ, గురువారాలు కుండపోత. వీధుల్లో మోకాలిలోతు నీళ్ళు, బస్సులు లేవు. శుక్రవారం పొద్దున నా పుస్తకాల మధ్యలోంచి మా ఇంటి ఫారం బయటికి వచ్చింది. అభ్యాసానికి నింపింది. ఇంట్లోవాళ్ళ వివరాలతో సహా అన్ని గళ్ళూ నిండి ఉన్నాయి, పైన ఒకటి తప్ప. "పరిశీలకులకు ఈ కుటుంబంతో సంబంధం" అని ఉంటుంది. సొంతవాళ్ళ ఇల్లు లెక్కలో వెయ్యకూడదు, అందుకు ఆ ప్రశ్న.

అక్క అవతలి గదిలో అమ్మకి సూదిలో దారం ఎక్కించి ఇస్తోంది. "ఆ దారం ఉండ నాకివ్వు, నీ కళ్ళకి బెజ్జం ఆనదు," అంటోంది. నేను ఫారం మీద అరవై అని నంబరు వేశాను. పై గడిలో "లేదు" అని రాశాను. రెండక్షరాలు. నా చేతిరాత మామూలుగానే ఉంది.

శాఖ డైరెక్టరు గారు వచ్చిన రోజున మా విభాగంలో బల్లల మీద కొత్త గుడ్డలు పరిచారు. టీలూ బిస్కట్లూ తెప్పించారు. సర్వే చేసిన పన్నెండు మందిమి గోడ వారగా కూర్చున్నాం. దశాంశం తెర మీద లెక్కలు చూపించాడు. స్నానానికి సగటున పన్నెండు పాయింటు సున్నా ఎనిమిది నిమిషాలు. అన్ని పనులూ కలిపి ముప్ఫై అయిదు.

డైరెక్టరు గారు ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, మాట మాత్రం మెత్తగా ఉంది. "మా అత్తగారు మంచాన పడి ఏడాది ఉన్నారు మేడమ్," అన్నాడు. "చేసిందంతా మా ఆవిడే, నేను చేశానని చెప్పను. కానీ చూశాను. పన్నెండు నిమిషాలంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు."

మేడమ్ నొచ్చుకోలేదు. అద్దాలు సర్దుకుని కాగితాలు తిప్పింది. "న్యాయమైన సందేహమే. అయితే ఇదిగో, ఇల్లు నంబరు అరవై. నడుం కింద పూర్తిగా చచ్చుబడింది. సాయం చేసేది వయసు మీదపడ్డ తల్లి, ఒక్కతే. పదకొండు నిమిషాలు. శిక్షణ ఉన్న మనిషికి పన్నెండు చాలవంటారా?"

"ఈ ఇంటికి ఎవరు వెళ్ళారు?"

అందరూ నా వైపు తిరిగారు. నా చేతిలో సగం కొరికిన బిస్కట్టు ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే లేచాను.

"నీ ఎదురుగానే జరిగిందామ్మా?"

"అవునండి."

"నువ్వు చూస్తున్నావని తొందరపడ్డారేమో? అలా అనిపించిందా?"

ఆయన గద్దించి అడగలేదు. తెలుసుకోవాలని అడిగాడు. ఆ ప్రశ్న వేసింది ఆ గదిలో ఆయనొక్కడే. తడిసి వీపుకి అంటుకున్న అక్క చొక్కా నాకు కనబడింది. దశాంశం వాచీ చూసుకున్నాడు.

"లేదండి," అన్నాను.

ఆయన నన్ను ఒక్క క్షణం చూసి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. "సరే మేడమ్. ఈ అమ్మాయిని చూస్తే అబద్ధం చెప్పే మనిషిలా లేదు," అన్నాడు. తర్వాత అంశానికి వెళ్ళిపోయారు. చేతిలో బిస్కట్టు చెమటకి మెత్తబడి నలిగిపోయింది.

అందరూ వెళ్ళాక మేడమ్ నన్ను పిలిచింది. "నీ ఫారాలంత శుభ్రంగా ఎవరివీ లేవమ్మా. వ్యాఖ్యల గడిలో ఒక్క గీత లేదు. మిగతావాళ్ళు నవలలు రాశారు, ఏం చేసుకోను వాటిని? రెండో దశ పనిలో నీకు ఉద్యోగం ఇస్తున్నాను."

ఇంటికొచ్చి ఉద్యోగం మాటే చెప్పాను. అమ్మ కళ్ళు తుడుచుకుంది. అక్క చప్పట్లు కొట్టి, "పిల్లి పాలగిన్నె కొట్టేసింది," అంది. కాసేపాగి, మామూలుగా అడిగినట్టు అడిగింది. "మరి మనకెంత ఇస్తారటే? రెండు గంటలు వస్తుందా?"

"ఇంకా తేలలేదక్కా."

వానలు ఇంకా వెనకబట్టక ముందే మంజూరు కాగితం వచ్చింది. రోజుకి ముప్ఫై అయిదు నిమిషాలు. దానికి రెండు రోజుల ముందు అచ్చయిన నివేదిక నా చేతికి ఇచ్చారు. ఇంట్లో బల్ల మీద పెట్టి ఉంచాను. దాచుదామని కూడా తోచలేదు. ఎవరు చదువుతారు అనుకున్నాను.

సహాయకురాలు మొదటిరోజు ఏడుంబావుకి వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, చేతులు బలంగా ఉన్నాయి. గోడకి ఒక పట్టిక అంటించింది. లేపడం నాలుగు, స్నానం పన్నెండు, ఇలా వరసగా. ఫోనులో గంట పెట్టుకుని అక్కని లోపలికి తీసుకెళ్ళింది. అక్క ముందురోజు నుంచే తలకి పోసుకోవాలని సరదాపడుతోంది. ఆస్పత్రికి వెళ్ళే మొదటి రోజు మరి.

పన్నెండు నిమిషాలకి గంట మోగింది. నీళ్ళ చప్పుడు ఆగింది.

"ఇంకా నురగ పోలేదమ్మా," అంది అక్క.

"నాకు కనబడుతోంది తల్లీ. ఇంకా అయిదు ఇళ్ళున్నాయి. ఇక్కడ ఆగితే అక్కడ లేటు, లేటైతే నన్నడుగుతారు." తువ్వాలు దులిపిన చప్పుడు. "ఈ టైములు ఎవరు పెట్టారో గానీ, జన్మలో ఒక్క మనిషికి ఒక్క చెంబు నీళ్ళు పోసి ఉంటే ఇలా రాసేవాళ్ళు కాదు."

పరదా పక్కకి జరిగింది. అక్క నెత్తి మీద తువ్వాలు, చెవి వెనక తెల్లటి నురగ. నా వైపు చూసింది. చూసి ఆవిడతో అంది, "ఎవరో చదువుకున్నవాళ్ళే అయ్యుంటారు. వాళ్ళకేం తెలుస్తుంది, పోనిద్దూ."

ఆవిడ వెళ్ళాక అమ్మ నడుం పట్టుకుంటూ మళ్ళీ నీళ్ళు తోడింది. అక్క తల కడగడం అవుతుండగా సందు చివర బస్సు ఆగిన చప్పుడు, తలుపు మూసుకున్న చప్పుడు, వెళ్ళిన చప్పుడు వినబడ్డాయి. ముగ్గురం విన్నాం.

మర్నాడు తలకి పోసుకోలేదు, అయినా బట్టల దగ్గర గంట మోగేసింది. మూడోరోజు అమ్మ లేవలేకపోయింది. నాలుగోరోజు అక్క పెద్ద నర్సమ్మకి ఫోను చేసింది. నవ్వుతూనే మాట్లాడింది. "లేదండి, కుదరడం లేదు. అయ్యో, మీదేం తప్పు. మంచి పిల్లని చూసి పెట్టుకోండి, నాలాంటి వాగుడుకాయని కాదు." ఫోను పెట్టేసి, ఆ ఉత్తరాన్ని మడతలు విప్పి చూసింది. వెనకవైపు తెల్లగా ఉందని అమ్మకి కొలతలు రాసుకోవడానికి ఇచ్చేసింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం అమ్మ మందు వేసుకుని పడుకుంది. అక్క కిటికీ దగ్గర బొత్తాలు రంగుల వారీగా ఏరుతోంది. నేను ఎదురుగా కూర్చున్నాను. చెప్పాలనుకున్నది నాలుగు రోజులుగా నోట్లోనే ఉంది.

"అక్కా. నివేదికలో అరవయ్యో ఇల్లని ఒకటుంది."

"మనదే కదూ," అంది, తలెత్తకుండా.

చేతికందిన బొత్తాన్ని డబ్బాలో వేశాను.

"గోదాములో నిచ్చెన మీంచి పడింది, తల్లి కుట్టుపని చేస్తుంది, ఇంట్లో చదువుకునే చెల్లెలు ఒకతి. ఈ ఊళ్ళో ఇలాంటివాళ్ళు ఇంకెంతమంది ఉంటారే?"

"ఎప్పుడు చదివావు?"

"నువ్వు తెచ్చిన రోజే."

అంటే సహాయకురాలు రాకముందే. నెత్తి మీద నురగతో నా వంక చూసినప్పటికే తనకి తెలుసు.

"మరి అడగలేదేం?"

"చెప్తావేమోనని చూశాను." తెల్లవాటిలోంచి ఒక నీలం బొత్తం తీసి పక్కన పెట్టింది. "పదకొండు నిమిషాలంటావా, అందులో మా తప్పూ ఉంది. తొందరపడింది మేమే. నీకు మంచి మార్కులు రావాలని చచ్చీచెడీ చేశాం. నువ్వు రాసుకుపోయావు. దానికి నాకేం లేదు."

నేను తల దించుకున్నాను.

"కానీ అందులో ఒక వాక్యం ఉంది చూడు. 'ఈ వివరాలు సేకరించిన పరిశీలకురాలికి ఆ కుటుంబంతో ఎటువంటి సంబంధమూ లేదు.' అచ్చులో వేశారు. అది మేడమ్ రాసిందా, నువ్వు చెప్తే రాసిందా?"

"నేను రాశాను. ఫారంలో."

అక్క బొత్తాల డబ్బా మూత పెట్టింది. డబ్బాని కిటికీ గట్టు మీదకి తోసింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది, తనకి తిట్టడం బాగా వచ్చు. ఆఖరికి అంది, "నీళ్ళు పెట్టు. మూడు రోజులైంది వీపు తడిసి. ఇవాళ నువ్వు పొయ్యి."

ఇరవై రెండేళ్ళు నాకు. ఆ పరదా లోపలికి నేను వెళ్ళడం అదే మొదలు. పీట ఎంత ఎత్తుంటుందో నాకు తెలియదు. అక్క ఎంత బరువో తెలియదు. "నడుం కాదే, చంకల కింద చెయ్యి వెయ్యి. మోకాలు అడ్డం పెట్టు. అమ్మ గోడ పట్టుకుంటుంది చూడు, అక్కడ," అని తనే చెప్పింది. గోడ మీద అమ్మ చెయ్యి పడే చోట సున్నం అరిగి నున్నగా ఉంది. నేనూ అక్కడే పట్టుకున్నాను. ఊపిరి తీసుకున్నాను. నడుం కింద ఎడమవైపున ఎర్రగా కమిలిన మచ్చ ఒకటి ఉంది, రూపాయి బిళ్ళంత. సరిగ్గా తుడవకపోతే వస్తుందది. అక్కకి తెలియదు, తనకి అక్కడ స్పర్శ లేదు. తెలిసేది చూసినవాళ్ళకే. చెవి వెనక ఎండిపోయిన సబ్బు పొట్టు ఉంది. దాన్ని గోటితో తీశాను.

"ఎందుకే ఏడుస్తావు, నీళ్ళు చల్లారిపోతాయి," అంది అక్క.

బయటికొచ్చేసరికి యాభై ఎనిమిది నిమిషాలు. స్టాప్‌వాచ్ పెట్టలేదు. గోడ గడియారం చూశాను.

ఆ సోమవారం నుంచీ ఏం జరిగిందో చెప్పాలంటే, నేను కొత్తగా రాసిచ్చిన కాగితాల్ని మేడమ్ ఒక్కొక్కటే తిప్పి చూసింది. "ఇది ఇప్పుడా చెప్పేది," అంది. రెండో దశ ఉద్యోగం వేరే అమ్మాయికి వెళ్ళింది. ఆ కాగితాలు శాఖకి చేరాయి, అక్కడ ఒక కమిటీ వేశారు. పట్టికలో నిమిషాలు మారడానికి మరో రెండు వానాకాలాలు పట్టింది. విచారణ కౌంటరులో అప్పటికి ఎవరో కుర్చీలో కుదురుకున్నారు. బస్సు తాతయ్య దగ్గరికి రెండుసార్లు బయల్దేరి, రెండుసార్లూ మలుపు దగ్గర్నుంచే వెనక్కి వచ్చాను.

కానీ నాకు గుర్తుండేది ఆ ఆదివారం సాయంత్రం. మిగిలిపోయిన ఖాళీ ఫారాలు తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాను. ముందు మాది. స్నానం దగ్గర యాభై ఎనిమిది అని వేసి, వ్యాఖ్యల గడి నింపాను, చోటు చాలక అంచుల్లోకి కూడా రాశాను. పరదా ఇవతల ఏం విన్నానో, గొడుగు కోసం వెనక్కి వెళ్ళి ఏం విన్నానో అన్నీ. అక్క కుర్చీ తోసుకుంటూ వచ్చి నా భుజం మీంచి చూసింది.

"పైన వదిలేశావు," అంది.

సంబంధం అన్న గడి ఖాళీగా ఉంది. దాన్ని చివరికి రాద్దామని వదిలాను.

"మేడమ్ తీసుకోకపోతే ఏం చెయ్యనక్కా?"

"తీసుకోకపోతే తీసుకోదు. ముందు అది నింపు."

చెల్లెల్ని, అని రాశాను.

అక్క కాగితం అందుకుని కిటికీ వెలుతురుకి పట్టి చూసింది. తిరిగి నా ముందు పెట్టింది.

"ఇంత చిన్నగా రాస్తే ఎవరికి కనబడుతుందే," అంది. "పెద్దగా రాయి."